రెండున్నరేళ్ళ సత్యభామ

రసాలు ఎనిమిదని భరతుడు లెక్క కట్టాడు. తరవాతివాళ్ళు శాంతాన్ని చేర్చి తొమ్మిదన్నారు. వాత్సల్యం దగ్గరికొచ్చేసరికి ఆలంకారికుల్లో చాలామంది పెదవి విరిచి, అది భావం దగ్గరే ఆగిపోతుందనీ రసం దాకా రాదనీ తేల్చేశారు. 14వ శతాబ్దంలో ఒడిశాలో విశ్వనాథుడు, అంటే మన కవిసమ్రాట్టు కాదు, సాహిత్యదర్పణం రాసిన కవిరాజు, ధైర్యం చేసి వత్సలం కూడా రసమేనన్నాడు. అని ఊరుకోలేదు. దాని కాపురానికి కావలసిన సామానంతా సమకూర్చి పెట్టాడు. స్థాయి వత్సలత. ఆలంబనం బిడ్డ. బిడ్డ చేష్టలు, నేర్చే విద్యలు ఉద్దీపనలు. హత్తుకోవడం, ఒళ్ళు నిమరడం, నెత్తిన ముద్దు పెట్టుకోవడం, కళ్ళప్పగించి చూడటం, పులకరింత, ఆనందంతో వచ్చే కన్నీళ్ళు అనుభావాలు. అనిష్టశంక, హర్షం, గర్వం మొదలైనవి సంచారులు. రంగు తామరపువ్వు గర్భంలోని రంగు. అధిదేవతలు లోకమాతలు.

ఆ సంచారుల వరస చూడండి. సంతోషం కన్నా ముందు శంకను కూచోబెట్టాడు. ఈ ఒక్క వరసతో నాకు ఆయన మీద గురి కుదిరింది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన తల్లి మొట్టమొదట చేసే పని ముద్దాడటం కాదు. చూపుడువేలు వాడి ముక్కు కింద పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూడటం. ఆడుతోందని తెలిశాక హర్షం. గర్వం ఎప్పుడో తెల్లవారి, చుట్టాలొచ్చాక. ఉయ్యాల తాడు చేత్తో పట్టుకుని నిద్రపోయినవాడికి గాని ఈ వరస తట్టదు.

మా అమ్మాయి రెండో కాన్పుకి విశాఖపట్నం, మా ఇంటికి వచ్చింది. చంటాడికి మూడో నెల. పెద్దపిల్లకి రెండున్నరేళ్ళు. అల్లుడు సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాదులో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగుతాడు. ఈ నలుగురూ కలిసి మా మూడు గదుల ఇంట్లో ఆడే నాటకానికి నేనూ మా ఆవిడా సామాజికులం. ఆవిడ మాటిమాటికీ రంగం మీదికి పోయి ఏదో ఒక వేషం కట్టి వస్తుంది. తెలుగు పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి కనుక నాకు మాత్రం ఒక కుర్చీ ఇచ్చి, దాన్ని ఎక్కడ వేసుకోవాలో కూడా చెప్పారు.

ఆ కుర్చీలోంచి నాకొకటి స్పష్టంగా కనిపిస్తోంది. తల్లిదండ్రులది భావం. రసం అమ్మమ్మ తాతలది. భట్టనాయకుడు సాధారణీకరణమన్నది ఇదే కదా: ఇది నాది, ఇది పరాయివాడిది అన్న లెక్క జారిపోతే తప్ప రసం పుట్టదు. ఆ లెక్క జారవిడుచుకునే తీరిక మా అమ్మాయికి ఎక్కడిది? చంటాడు పక్కగదిలో కేరుమంటే ఇక్కడ ఆమె రవికె తడిసిపోతుంది. బిడ్డ ఏడుపు చెవిన పడగానే పాలు చేపడం ఆమె చేతిలో ఉన్నది కాదు. ఒళ్ళు దానంతటది చేసే పని. ఇంత దగ్గరగా బతుకుతున్న మనిషిని తటస్థంగా నిలబడి ఆస్వాదించమనడం అన్యాయం. మొన్నొక రోజు నేను చంటాడి ఆవులింతను మెచ్చుకుంటుంటే, “నీకేం నాన్నా, కూచుని చూస్తావు” అంది. భట్టనాయకుడూ అదే అన్నాడమ్మా అని చెప్పబోయి, ఆమె చేతిలోని తడిగుడ్డ చూసి ఊరుకున్నాను.

విశ్వనాథుడి లక్షణంలో నాకు కనిపించే వెలితి ఒక్కటే. ఆయన ఉదాహరణకు తీసుకున్నది ఒక్క బిడ్డను. పోతన దశమస్కంధంలో కూడా వెలుగంతా చిన్నవాడి మీదే పడుతుంది. బలరాముడు మన్ను తిన్న సంగతి తల్లికి చెప్పడానికి ముందుకొస్తాడు. ఫిర్యాదు చెయ్యడం పెద్దపిల్లలకు అనాదిగా దక్కిన పాత్ర. ఇంట్లోకి రెండో బిడ్డ వచ్చిన రోజు నుంచీ వత్సలం ఒక్కటే చాలదు, శృంగార ప్రకరణం నుంచి సామాను అరువు తెచ్చుకోవాలి. ఈర్ష్య కావాలి, మానం కావాలి, అలక కావాలి. పసితనాన్ని వర్ణించడానికి నంది తిమ్మన అవసరం పడుతుందని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు గాని, పారిజాతాపహరణంలో మొదటి ఆశ్వాసం చదివినవాళ్ళకి మా ఇంట్లో ఏం జరుగుతోందో కొత్తగా చెప్పక్కర్లేదు. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణి కొప్పులోకి పోయింది. ఇక్కడ ఆ పువ్వు అమ్మ ఒడి.

చంటాడు పాలకి ఒడి చేరగానే పెద్దది ఇంట్లో ఏ మూల ఉన్నా తెలిసిపోతుంది. చెలికత్తె వచ్చి చెప్పక్కర్లేదు. వచ్చి మంచం పట్టె పట్టుకు నిలబడుతుంది. “అమ్మా, దాహం.” అమ్మమ్మ గ్లాసుతో నీళ్ళు తెస్తుంది. “అమ్మ ఇవ్వాలి.” అమ్మ ఎడంచేత్తో అందుకుని ఇస్తుంది. ఒక్క గుక్క తాగి, “ఇది కాదు, చల్లనీళ్ళు.” చల్లనీళ్ళొచ్చాక దాహం ఉండదు, పుస్తకం కావాలి, పుస్తకం ఇచ్చాక అసలు సంగతి బయటపడుతుంది. “వాణ్ణి కింద పెట్టు.” పెట్టడం కుదరదని తెలిశాక కింది పెదవి ముందుకొచ్చి, కోపగృహ ప్రవేశం జరుగుతుంది. మా ఇంట్లో కోపగృహం బీరువాకీ కిటికీకీ మధ్యనున్న జానెడు చోటు. కిటికీ తెర వెనక దూరి గోడకి ముఖం పెట్టి నిలబడుతుంది. తెర నేలకి కాస్త పైకే ఆగిపోతుంది కనుక రెండు పాదాలు మాత్రం మనకి కనిపిస్తుంటాయి. ఒక కాలికి పట్టీ ఉంటుంది. రెండోది ఎక్కడ పారేసిందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మా అమ్మాయిని చూడాలి. అందరినీ సమంగా ఆదరించే నాయకుణ్ణి దక్షిణనాయకుడంటారు. ఆ దాక్షిణ్యం ఎంత కష్టమో కృష్ణుడికి తెలుసు, ఇద్దరు పిల్లల తల్లికి తెలుసు. చంటాడి తల మోచేతి మీద. పాలు మధ్యలో వదిలించడానికి లేదు. “ఇంట్లో ఇంకో అమ్మాయి ఉండాలే, ఎక్కడికి పోయిందబ్బా!” అంటుంది గాలిలోకి. “లేను” అంటుంది తెర. “లేకపోతే మాటెవరు చెప్పారు?” తెర ఆలోచిస్తుంది. ఈలోగా మా అమ్మాయి మంచం మీంచి కాలు చాపుతుంది, ఒళ్ళోవాడు కదలకుండా, నడుము కొద్దిగా తిప్పి, ఇంకొంచెం, ఇంకొంచెం. ఆమె బొటనవేలు వెళ్ళి తెర కింది పట్టీ లేని పాదాన్ని తాకుతుంది. తిమ్మన కథలో అలిగిన సత్య ఎడమకాలు స్వామి తల మీదికి వెళ్ళి ఆ ఘట్టానికి అంత పేరు తెచ్చిపెట్టింది. ఇక్కడ కాలు అవతలివైపు నుంచి వస్తుంది, బతిమాలడానికి. బొటనవేలు చిన్న వేళ్ళ మీద ఒక్కొక్కదాని మీదా ఆగుతూ వెళ్తుంది. తెర ఊగుతుంది. ముందు ఉక్రోషంతో, తరవాత చక్కిలిగింతతో. ఈ రెండు ఊపులకీ తేడా కనిపెట్టడానికి నా కుర్చీ ఉన్న చోటు కన్నా మంచిది లేదు.

పొద్దున్న ఎనిమిదింటికి నీళ్ళు పోసే మామ్మ వస్తుంది. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, క్షమించండి.

పెరట్లో రాతిపలక మీద ఎండ పొడ పడే వేళకి పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు చాచి కూచుంటుంది. రెండు పిక్కల నడుమ ఉన్న పల్లంలో చంటాడు సరిగ్గా అమిరిపోతాడు. గోరువెచ్చని నువ్వులనూనె ముందు తన అరచేతుల్లో రాసుకుని, వాటి వేడి తనకి నచ్చాక గాని వాడి ఒంటి మీద వెయ్యదు. గుండెల మీంచి భుజాలకి, భుజాల మీంచి వేళ్ళ కొసలకి. కుడిచెయ్యీ ఎడమకాలూ కలిపి, విడదీసి, ఎడమచెయ్యీ కుడికాలూ కలిపి. వాడు ఏడవడు. తనకి ఇన్ని అవయవాలున్నాయా అన్నట్టు కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటాడు. బోర్లా తిప్పి వెన్నుపాముకి అటూ ఇటూ బొటనవేళ్ళతో ఒత్తేటప్పుడు గొంతులోంచి సన్నగా ఒక కూత వస్తుంది. అది ఫిర్యాదో మెప్పో మామ్మకి తెలుసు, దాన్నిబట్టి వేళ్ళ బరువు మారుస్తుంది. పెసరపిండిలో చిటికెడు పసుపు కలిపిన నలుగు ఒంటికి పట్టించాక, చెంబు ఎత్తుతుంది.

ఆ తరవాతి క్షణం కోసమే నేను కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడతాను. కుడిచేత్తో చెంబు వంపుతూ ఎడం అరచెయ్యి వాడి నుదుటి మీద అడ్డంగా పెడుతుంది. వేళ్ళు నాలుగూ కలిపి చాచి, బొటనవేలు మడిచి. నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఒంటిచేతి హస్తాలలో మొట్టమొదటిది, పతాకం. మబ్బుకీ నదికీ వినియోగించమన్నాడు. ఒక వస్తువుని వద్దని వారించడానికి కూడా అదే పట్టమన్నాడు. మామ్మ చేతిలో ఆ మూడూ ఒకేసారి జరుగుతాయి. పైనుంచి ధార కురుస్తుంది, చెవుల పక్కనుంచి పాయలుగా జారిపోతుంది, కళ్ళలోకి ఒక్క చుక్క పోదు. పాదం కదలదు, చూపు చెదరదు, ఈలోగా నోరు మాత్రం పక్కింటివాళ్ళ సంగతులు చెబుతూనే ఉంటుంది. చాలా అరంగేట్రాలకి వెళ్ళి ముందువరసలో కూచున్నాను. ఇంత పని చేసిన పతాకాన్ని ఎక్కువ చూడలేదు.

ముక్కు నొక్కి నిలబెట్టడం, చెవుల్లో నూనె పొయ్యడం, కళ్ళకి కాటుక, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ, ఇవన్నీ వద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పాడు. డాక్టరు చెప్పింది సబబే. పసి ఊపిరితిత్తులకి పొగ మంచిది కాదు, సాంబ్రాణి వాసన లేని స్నానం నాకు ఎంత బోసిగా ఉన్నా సరే. మామ్మ మాత్రం ఆ నిషేధాల జాబితా విని, “ఆ డాకటరుబాబుకి సిన్నప్పుడు ఎవులు పోసినారమ్మా నీళ్ళు?” అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా ఆఖరి చెంబు వాడి చుట్టూ దిష్టి తిప్పి పక్కకి పారబోసింది. అరికాలిలో చుక్క పెట్టుకోవడానికి ఎవరి అభ్యంతరమూ లేదు. నా పాత పంచెలో చుట్టిన వాడు ఉయ్యాల చేరకముందే నిద్రలోకి జారిపోయాడు.

రాతిపలకకి ఆ చివర మన సత్యభామ ఉంటుంది. తనూ కాళ్ళు చాచుకుని, ప్లాస్టిక్ బొమ్మని పిక్కల మీద పడుకోబెట్టి. కాళ్ళు పొట్టివి, బొమ్మ పొడుగు. తల పాదాలు దాటి వేలాడుతుంటుంది. అయినా పని ఆగదు. నూనె లేదు, ఉన్నట్టే. పిండి లేదు, ఉన్నట్టే. చివరికి ఉత్త గ్లాసు ఎత్తి వంపేటప్పుడు ఎడంచెయ్యి బొమ్మ నుదుటి మీదికి వెళ్ళింది. వేళ్ళు కలిపి, బొటనవేలు మడిచి! ఎవరూ నేర్పలేదు. ఆ బొమ్మకి మూతపడే కళ్ళు కూడా లేవు, రంగుతో వేసినవి. లేని నీళ్ళు రంగు కళ్ళలో పడకుండా కాపాడుతోంది. శంకుకుడు నటుణ్ణి చిత్రతురగంతో పోల్చాడు: బొమ్మలోని గుర్రాన్ని చూసి అది నిజం గుర్రమనీ అనుకోం, కాదనీ అనుకోం, గుర్రంలా ఉందనీ అనుకోం, అయినా గుర్రమే అంటాం. ఆ వాదాన్ని తరవాతివాళ్ళు ఎంత ఖండించినా, మా పెరట్లో మాత్రం శంకుకుడే గెలిచాడు. “అయిపోనాదే, అయిపోనాది, ఏడవకే” అంటోంది బొమ్మతో, అచ్చం మామ్మ యాసలో. హైదరాబాదులో పుట్టిన పిల్ల. అల్లుడు విని, ఇంగ్లీషు రైములన్నీ ఏమైపోయాయో అని దిగులుపడ్డాడు.

పగలు లోపలి గదిలో రెండు లయలు నడుస్తుంటాయి. చంటాడిది విలంబం, పాలు, నిద్ర, పాలు, మధ్యలో ఒక చెయ్యి పైకి లేచి ఎందుకు లేచిందో మరిచిపోయి దిగడానికే బోలెడంత సేపు. పెద్దదానిది ద్రుతం. ఈ రెండింటికీ ఒకే తాళం వెయ్యాల్సిన మనిషి మధ్యాహ్నం మూడింటికి అన్నం తింటుంది. దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ మూడింటి అన్నంలో నాకు సౌందర్యం కనిపించలేదు, చల్లారిన పప్పు కనిపించింది. రసవిమర్శకుడు కుర్చీలోంచి లేవాల్సిన సమయాలు కొన్ని ఉంటాయి.

పుట్టినబిడ్డ చూపు మొదట్లో జానెడు, జానెడున్నర మించి ఆనదు. సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్లు. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం సరిగ్గా అంతే. అంతకు మించింది వాడికి అలుకుడు. ఈ సంగతి డాక్టరు చెప్పక్కర్లేకుండా పెద్దది తనంతట కనిపెట్టింది. దూరం నుంచి ఎన్ని కోతిచేష్టలు చేసినా వాడు పట్టించుకోకపోతే, మంచమెక్కి ముక్కుకి ముక్కు ఆనేదాకా వెళ్ళి, “బూ” అంది. ఆరు వారాలు దాటాక పిల్లలు మనిషిని చూసి నవ్వడం మొదలుపెడతారంటారు. వాడు సరిగ్గా ఆ గడువు చూసుకుని, పళ్ళులేని చిగుళ్ళన్నీ కనబడేలా, ఆమె ముఖంలోకి నవ్వాడు. తల్లికి కాదు, తండ్రికి కాదు, ఇన్నాళ్ళుగా వాడి దయ కోసం కాచుకున్న నాకు అంతకన్నా కాదు. సవతికి. ఆమె వెనక్కి తిరిగి మా అందరినీ ఒకసారి చూసింది. గర్వం సంచారిభావమని విశ్వనాథుడు ఎందుకన్నాడో ఆ చూపులో ఉంది.

ఇక విహారం. ఇద్దరు పిల్లలతో ఇల్లు కదలడాన్ని ఊరికే ప్రయాణమంటే సరిపోదు. నాట్యశాస్త్రం పూర్వరంగానికి 19 అంగాలు చెప్పింది. వాటిలో తొమ్మిది తెర వెనకే నడవాలి. మా ఇంట్లో తెర వెనక డైపర్లు, పొత్తిగుడ్డలు, తడి వైపులు, ఇద్దరికీ మార్చే బట్టలు, ఫ్లాస్కు, టోపీ, ఒక ప్లాస్టిక్ కవర్లో ఇంకో ప్లాస్టిక్ కవరు. మా అమ్మాయి జిప్పు వేసేసరికి చంటాడు తడిపాడు. వాడికి మార్చేసరికి పెద్దది చెప్పులు విప్పేసింది. చెప్పులు తొడిగేసరికి, “నాకూ బ్యాగు.” ఆ బ్యాగు ఆవిడే స్వయంగా సర్దుకుంది, దారిలో విప్పి చూస్తే టీవీ రిమోటు, అమ్మమ్మ కళ్ళజోడు పెట్టె, ఒక బంగాళాదుంప ఉన్నాయి. నాంది మళ్ళీ మొదలు. చిన్నవాళ్ళు విసుక్కుంటారు గాని, నాటకం బాగోగులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. సామాను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అల్లుడు గడియారం చూసుకోవడం మానేసిన ఘడియ ఒకటుంటుంది. ఆ ఘడియ వస్తే ఆ రోజు విహారం బాగుంటుంది.

పొద్దున్న బురుజుపేట వెళ్ళాం. వన్‌టౌన్ సందుల్లో ఉన్న కనకమహాలక్ష్మి గుడి. మార్గశిర గురువారాల్లో ఆ సందుల్లో కాలు పెట్టలేం, అందుకని మామూలు రోజే చూసుకున్నాం. అమ్మవారి గర్భగుడికి కప్పు లేదు, ఆకాశమే కప్పు. మధ్యలో పూజారి అక్కర్లేదు, ఎవరి పసుపు వాళ్ళు, ఎవరి కుంకం వాళ్ళు, ఎవరి పాలచెంబు వాళ్ళు తెచ్చుకుని స్వయంగా అభిషేకం చేసుకుంటారు. చంటిపిల్లల్ని తెచ్చి అమ్మవారి దగ్గర పడుకోబెట్టి మొక్కుకోవడం ఈ ఊరి అలవాటు. వత్సలానికి అధిదేవతలు లోకమాతలన్న మాట సాహిత్యదర్పణంలో ఒక అలంకారంగా దాటిపోతుంది. ఇక్కడ ఆ మాటకి వరస కట్టి నిలబడాలి.

మా వంతు వచ్చింది. మా అమ్మాయి గుడ్డ పరిచి వాణ్ణి అమ్మవారి ముందు పడుకోబెట్టింది. కప్పు లేని గుడి కనుక ఎండ నేరుగా వచ్చి వాడి ముఖం మీద పడింది. కనుబొమలు ముడిచి, ముక్కు ముడిచి, తుమ్మాడు. వెనకనున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి “చిరంజీవ” అన్నారు. అంతమంది ఒక్కడి మీద అలా వంగడం పెద్దది చూసింది. తల్లి కొంగు లాగింది. “నన్నూ పెట్టు.”

దీనికి శాస్త్రం లేదు. మా ఆవిడ, “నువ్వు పెద్దదానివి కదమ్మా, నువ్వు దణ్ణం పెట్టుకోవాలి” అంది. ఆ మాటతో మొత్తం చెడింది. పెద్దదానివి అన్న మాట పక్షం రోజులుగా ఎంతమంది అన్నారో, ఎన్నిసార్లు అన్నారో, అదంతా ఆ పెదవి మీదికి వచ్చింది. కాని ఏడవలేదు. ఎవరు పెట్టకపోతే ఏం, తనే కూచుంది. పసుపు నీళ్ళు, కొబ్బరినీళ్ళు, పాలు కలిసి పారుతున్న ఆ తడినేల మీద, తమ్ముడి పక్కనే, కొత్త గౌనుతో వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ వాడికి మల్లేనే చెవుల పక్కకి పెట్టుకుంది, పిడికిళ్ళు బిగించి. కళ్ళు గట్టిగా మూసుకుంది. తరవాత ఒక్క కన్ను, తల్లి చూస్తోందా లేదా అని, సన్నగా తెరిచింది.

ఎవరో లేపబోయారు. మా వెనక పాలచెంబుతో నిలబడ్డ ఒక ముసలమ్మ, “పడుకోనీండమ్మా, అది మాత్రం ఆయమ్మ బిడ్డ కాదేటి?” అంది. వంగి, అమ్మవారి కుంకం చిటికెడు తీసి మొదట పెద్దదాని నుదుట పెట్టింది, ఆ తరవాత చిన్నవాడికి. వరస మార్చడం ఎంత పెద్ద సంగతో ఆ పేరు తెలియని పెద్దావిడకి తెలుసు. నేను మా అమ్మాయి ముఖం చూశాను. నవ్వుతోంది, కళ్ళలోంచి కారిపోతోంది, రెండింటిలో దేన్నీ ఆపుకునే ప్రయత్నం లేదు. లక్షణగ్రంథంలోని ఆనందబాష్పం అంటే ఇదేనని చెప్పడానికి నాకు ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ ఎక్కడా దొరకలేదు. మా ఆవిడకి మాత్రం అప్పటికే శంక మొదలైంది. తడిసింది, జలుబు చేస్తుంది, బట్టలేవి?

సాయంత్రం రామకృష్ణ బీచికి. పసుపు పట్టిన గౌను బకెట్లో నానుతోంది గనక అల్లుడు హైదరాబాదు నుంచి తెచ్చిన చారల చొక్కా ఒకటి వేసి, జుట్టు తనే దువ్వి, ఎలాగోలా తయారుచేశాడు. మా అమ్మాయి ఆ వేళకి చంటాడితో ముందే కారులో కూచుంది. కురుసుర జలాంతర్గామి దగ్గర దిగాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఆ ఇసుక మీదే మ్యూజియంగా ఒడ్డున పడి ఉంది. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు దారులు, చంకన చంటిబిడ్డతో దూరడం కష్టం. తండ్రీ కూతురూ టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోయారు. నేనూ అమ్మాయీ గట్టు మీద కూచున్నాం. మా ఊరి సముద్రం తూర్పున ఉంటుంది. సాయంత్రం పూట సూర్యుడు మన వీపు వెనక, మేడల అవతల దిగిపోతాడు, మేడల నీడలు ఇసుక మీదికి సాగుతాయి. ఎండ లేదు, చీకటి లేదు. ఉప్పుతుంపర పడి మసకబారిన కళ్ళజోడు తీసి మా అమ్మాయి కొంగుతో తుడుచుకుంటోంది. చంటాడు ఒళ్ళో నిద్ర. చాలారోజులకి ఆమె రెండు చేతులూ ఏ పనీ లేకుండా ఉన్నాయి.

“అటు చూడు నాన్నా” అంది. “ఆ పిల్ల ఎవరో గాని, ఎంత ముద్దుగా నడుస్తోందో.”

చూశాను. నీళ్ళకి బాగా ఇవతల, చారల చొక్కా వేసుకున్న పిల్ల ఒకతి తండ్రి వేలు పట్టుకుని నడుస్తోంది. అల వచ్చినప్పుడల్లా ఆగి, అల వెనక్కి పోగానే దాన్ని తరిమినట్టు నాలుగడుగులు వేసి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళ వెనక దాక్కుంటోంది. నేను ఏమీ అనలేదు. ఆమె కళ్ళజోడు లేకుండా అలాగే చూస్తోంది, మెడ కొంచెం పక్కకి వాల్చి. జలుబు చేస్తుందన్న శంక లేదు, తడి బట్టలు మార్చాలన్న లెక్క లేదు. పరాయి పిల్లని చూస్తున్న నిశ్చింత అది. నాది అన్న పట్టు జారితే ఎలా ఉంటుందో ముప్ఫయ్యేళ్ళు నల్లబల్ల మీద రాసిన నాకు, అది జారిన ముఖం పక్కనే కూచుని కనిపించింది. తరవాత కళ్ళజోడు పెట్టుకుంది. “అయ్యో, అది మనదే!” అని ఒక్క ఉదుటున లేవబోయింది. “ఏవండీ, నీళ్ళలోకి వద్దు, అక్కడ లోతు!” శంక వచ్చి తన కుర్చీలో తను కూచుంది.

వాళ్ళు వచ్చారు. అల్లుడి చేతిలో రెండు మురీ మిక్చర్ పొట్లాలు. పెద్దదాని పిడికిట్లో తడి ఇసుక. వస్తూనే చూసుకుంది, ఒడి ఖాళీ లేదు. కింది పెదవి బయల్దేరింది. గట్టు మీద తెర లేదు, బీరువా లేదు, అలిగి పోవడానికి చోటు లేదు. ఎటు పోవాలో తోచక తిన్నగా దగ్గరికొచ్చి, నిద్రపోతున్న వాడి మూసిన పిడికిలిని వేలితో పొడిచింది. పిడికిలి విచ్చుకుంది, వేలు లోపలికి పోగానే మూసుకుంది.

అరచేతికి ఏది తగిలినా పసివాళ్ళు బిగించి పట్టుకుంటారు. నరాలు చేసే పని అది, మనసు చేసేది కాదు. అయిదారు నెలలు వచ్చేసరికి పోతుంది. ఆ సంగతి అక్కడ చెప్పేంత అరసికుణ్ణి కాను. ఆమె వేలు లాగి చూసింది. రాలేదు. ఇంకొంచెం లాగింది. వాడు నిద్రలోనే ఇంకొంచెం బిగించాడు. పెదవి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రెండో పిడికిలి సడలి, అందులో ఇసుకంతా నా పంచె మీద పడింది.

“వదల్టం లేదు!” అంది, మా వంకా, దారినపోయేవాళ్ళ వంకా చూస్తూ. “అమ్మా, వీడు నన్ను పట్టేసుకున్నాడు!”

“మరి పట్టుకోడూ, అక్కవి కదా” అంది మా అమ్మాయి.

చీకటి పడుతోంది, ఇంటికి పోదామన్నాడు అల్లుడు. కుదరదంది. తన వేలు అక్కడ ఉందని చూపించింది. కారు దగ్గరికి ముగ్గురినీ ఒకేసారి ఎలా ఎత్తుకుపోవాలో ఆలోచించి, అతను ఓడిపోయి, గట్టు మీద తనూ కూచున్నాడు. మిక్చర్ మెత్తబడకముందే తినిపించేద్దామని పొట్లం విప్పాడు. ఆమె వేలు కదపకుండా, మెడ మాత్రం తిప్పి, నోరు తెరిచింది. పడ్డది నమిలింది. తరవాత మహారాణీ పరిచారకుడికి చెప్పినట్టు చెప్పింది.

“నాన్నా, ఉల్లిపాయలు తీసెయ్.”